జమ్మి కాడి దండు

గల్ఫ్‌ల, ఐకాడ్ అనే ఫ్యాక్టరీల జాగల మా లేబర్ క్యాంపు ఎనుక, ఇసుకల ఒక్కటే చెట్టుంటది. ఇక్కడోళ్లు గాఫ్ అంటరు. మనకు జమ్మి. దసరా పొద్దుగూకిందంటే సాలు... మనోడనేటోడు అటు దిక్కు పోడు.

ఎందుకో రత్నాకరన్న చెప్పిండు. ఆయన రూమ్మేట్ దేవేందర్ ముచ్చట ఇది.

దేవేందర్‌కు తెల్లారితే విమానం. పెండ్లాం రేణుక కడుపుతోని ఉన్నప్పుడు ఇక్కడికి వచ్చిండు. నడుమ కరోనా వచ్చి సెలవు ఆగింది. బిడ్డను ఫోన్ల తప్ప చూడలే.

"పండుగకు అందకపోతి. జమ్మి ఆకన్న తీస్కపోత," అన్నడు.

"ఆకు తెంపితే జుర్మానా ఏస్తర్రా!" అన్నడు రత్నాకరన్న.

"రాలింది ఏరుకుంట తీయే. బిడ్డ చేతుల బంగారం పెట్టద్దా?"

ఇద్దరు పోయిండ్రు. దేవేందర్ ముంగట, రత్నాకరన్న ఎనుక. చెట్టు కింద ఎవరో ఉన్నరు... పొడుగు మనిషి, ముసలోడు, నెత్తికి పాగా.

"బంగారం తీసుకో, కొడుకా," అని జమ్మాకు చాపిండు.

పండుగనాడు పెద్దోళ్లు జమ్మి పెడితే ఎవడు వద్దంటడు? దేవేందర్ తీసుకున్నడు. కాళ్లు మొక్కిండు. అలాయి బలాయి ఇచ్చిండు — ఛాతీ తాకంగనే ఉలిక్కిపడ్డడు.

ఇనుము... సల్లటి ఇనుము.

"మీదే ఊరు, పెద్దాయినా?" అనుకుంట ఎనుకకు జరిగిండు.

"ఊరు కాదు, ఏ రాజ్యమని అడుగు. కృష్ణా, తుంగభద్రల నడిమి నేల ఇంకా నాది కాలే. మా తాత కొట్లాడిండు, మా అయ్య కొట్లాడిండు. నేను గెలువంది ఇడువ. జమ్మికి మొక్కినం — ఇగ పొలిమేర దాటుడే. నా చేతి ఆకు పట్టినోడు నా దండులోడు."

"నాకు రేపు... విమానముందయ్యా. బిడ్డ ఎదురుచూస్తది."

"అందరికీ బిడ్డలున్నరు."

అప్పుడు కనవడ్డరట. చెట్టెనుక, ఇసుక పొడుగునా — మంది. బల్లేలు పట్టినోళ్లు. వాళ్ల నడుమ... మన లెక్కనే కంపెనీ డ్రెస్సు ఏసుకున్నోళ్లు.

"ఆకు పారెయ్‌రా!" రత్నాకరన్న ఒర్లిండు.

దేవేందర్ పిడికిలి విప్ప చూసిండు. రాలే. వేళ్లు తెరుసుకోలే. ఏడ్సుకుంటనే నడిసిండు... మందిల కలిసిండు. తర్వాత ఒట్టి ఇసుక.

పోలీసులు వెతికిండ్రు. కంపెనీ 'పారిపోయిండు' అని రాసుకుంది. ఖలాస్. చెట్టు కింద దొరికిన ఫోన్‌ను ముదీర్, అదే మా మేనేజర్, బీరువల పెట్టి తాళమేసిండు.

నిరుడు దసరాకు రేణుక రత్నాకరన్నకు ఫోన్ చేసింది.

"అన్నా... ఆయన నంబర్ నుంచి ఫోనొచ్చింది."

"ఏమన్నడమ్మా?"

"ఎనుక డోళ్లు మోగుతున్నయి. ఎప్పుడొస్తవంటే — ఏరు దాటి, నేల గెలిచినంక అన్నడు."

రత్నాకరన్న మనసుల లెక్కేసుకున్నడు. ఆ రాజులు పోయి వందల ఏండ్లాయె. రాజ్యాలే లెవ్వు. ఇగ గెలిచేదేంది?

అటు దిక్కు నుంచి రేణుక మెల్లగ అడిగింది —

"గెలుస్తరా, అన్నా?"