లేవని సూది

"సూడండి టీచరమ్మా, ఏడి మీటరు సూది కిందనుంచి లేవట్లేదు. కూలెంట్ నేనే మార్చినాను," అన్నాడు హెన్రీ గర్వంగా.

"ఇంత దూరం వచ్చినా ఇంజిన్ ఏడెక్కలేదేటండీ?" అంది దోర్కాస్.

తెల్ల మారుతి పలాస దాటి, సన్నటి వానలో నందిగాం వైపు పోతోంది. బారువ హైస్కూల్లో లెక్కలు చెప్పే దోర్కాస్‌కి సాయంత్రం టెక్కలిలో, మేనమామ ఎడ్విన్ ఇంట్లో పెళ్లిచూపులు. బస్సులో చీర నలిగిపోతుందని ఎడ్విన్ హెన్రీని పురమాయించాడు. చర్చి సంఘంలో కారున్నవాడు, నమ్మకస్తుడు.

నమ్మకస్తుడన్న పేరు అతని జీడిపప్పు వ్యాపారానికి పెట్టుబడే. ఇవాళ ఆ పేరే నష్టం తెచ్చింది. రెండేళ్లుగా ఆమెతో ఒక మాట చెప్పాలనుకుంటున్నాడు. కాదంటే ఉన్న పలకరింపు కూడా పోతుందని లెక్కేసుకుని ఊరుకున్నాడు. ధర పెరుగుతుందని సరుకు దాచి పురుగు పట్టించుకునే వాళ్లని చూసి నవ్వేవాడే, తన దగ్గరికొచ్చేసరికి అదే పని చేశాడు.

తల్లి పోయాక జీడిపప్పు డబ్బాల మధ్యే తిండి, వాటి మధ్యే పడక. పక్క సీట్లో ఓ మనిషి ఉంటుందని కారు కొంటే, ఇన్నాళ్లూ డబ్బాలే కూర్చున్నాయి. ఇవాళ మనిషి కూర్చుంది, ఇంకొకరి ఎదుట కూర్చోవడానికి వెళ్తూ.

"ఏదో కాలిన వాసన..." ఆమె అంటూండగానే బానెట్ అంచుల్లోంచి ఆవిరి లేచింది. హెన్రీ జీడితోటల పక్కన బండి ఆపేశాడు. బానెట్ ఎత్తితే, ఇంజిన్ పక్క డబ్బాలో కూలెంట్ కుతకుతలాడుతోంది. మీటరు సూది మాత్రం కదల్లేదు.

"కావాలనే ఆపీసినారు కదా?" దోర్కాస్ దిగి, కొంగు తలమీద కప్పుకుంటూ అంది.

"కావాలనైతే టీ దొరికే కాడ ఆపుదును."

ఆమె నవ్వింది. అతను మీటరు అద్దం తట్టాడు. సెన్సార్ వైరు లాగి చూశాడు, గట్టిగానే ఉంది.

"మీటరు పోనాదేటో."

"మీటరు పోతే సూది ఆగుతాది గానీ, నీళ్లెందుకు ఉడుకుతాయండీ? అసలెలా పోసినారు?"

"మూతి దాకా పోసి మూత బిగించీసినాను."

"పప్పు డబ్బాకీ అలాగే ఏసేత్తారా మూత?"

హెన్రీకి అప్పుడు వెలిగింది. డబ్బాలో పప్పు పోశాక నేలకేసి కుదుపుతారు. దిగినంత మేర మళ్లీ పోస్తారు. ఆ తర్వాతే మూత. రోజూ చేసే పనే. ఇక్కడ మాత్రం తొందరపడ్డాడు. లోపల గాలి చిక్కుకుపోయింది. వేడి పసిగట్టే సెన్సార్ కొన నీళ్లలో కాకుండా గాలిలో ఉండిపోయింది. ఇంజిన్ ఎంత కాగినా సూదికి కబురందలేదు.

"సల్లారేదాకా మూత ముట్టుకోకూడదు," అన్నాడు.

ఇద్దరూ కార్లో కూర్చున్నారు. వాన అద్దాల మీద జారుతోంది.

"ఆయన విశాఖలో బ్యాంకులో సేత్తారట. మంచోరట," అంది అతన్నే చూస్తూ.

"మంచోరే అయ్యుంటారు."

ఆమె చూపు తిప్పుకుంది. అంత పక్కన మనిషి ఉన్నా, గోదాములో ఒక్కడే ఉన్నప్పటికన్నా ఎక్కువ ఒంటరిగా అనిపించింది హెన్రీకి.

ఇంజిన్ చల్లారాక, ముందుభాగం ఎత్తుగా ఉండేలా బండిని గట్టు మీదికి ఇద్దరూ తోశారు. అతను గుడ్డతో మూత తీసి, ఇంజిన్ ఆన్ చేసి, రబ్బరు గొట్టం పిసుకుతుంటే, ఆమె క్యాన్‌లో మిగిలిన కూలెంట్ కొంచెంకొంచెంగా పోసింది. బుడగలు వచ్చాయి. మట్టం దిగింది. మళ్లీ పోసింది. బుడగలు ఆగాక మూత బిగించాడు. లోపల సూది మెల్లగా లేచి, సగం దగ్గర నిలబడింది.

"బాగైపోనాది. ఇంక నన్ను దింపడానికి అడ్డమేటీ లేదు," అంది దోర్కాస్.

హెన్రీ స్టీరింగ్ పట్టుకున్నాడు గానీ గేరు వెయ్యలేదు.

"దింపాలని లేదు. మీరెల్లి ఆయన ముందు కూకోడం నాకిష్టం లేదు. రెండేళ్లనుంచి సెప్పలేక సత్తన్నాను."

"ఏటీ, రెండేళ్లా!" ఆమె మొహం ఎర్రబడింది. కోపమో మరేదో. "నువ్వడుగుతావేమోనని వచ్చిన సంబంధానికల్లా వంక పెట్టినాను. వంకలన్నీ అయిపోయాకే కదా ఇయాల బయల్దేరినాను!"

"ఇప్పుడేటి సేద్దాం?"

"నన్నడుగుతావేటి? మా మావనడుగు. ఆల్లు రాకముందే."

దారంతా హెన్రీ లెక్కలే వేసుకున్నాడు. ఎడ్విన్ కాదంటే మంచి పేరు పోతుంది, చర్చిలో తల ఎత్తుకోలేడు, ఈమె పలకరింపూ ఉండదు. ఉన్నదంతా ఒకే బేరంలో పెట్టాలి. ఇన్నాళ్లూ పెట్టకుండా మిగుల్చుకున్నదేమిటని చూసుకుంటే ఏమీ కనబడలేదు.

టెక్కలిలో ఎడ్విన్ ఇస్త్రీ చొక్కాతో వరండాలో నిలబడి ఉన్నాడు. వరసగా కుర్చీలు. మధ్య కుర్చీ మీద కొత్త తువ్వాలు పరిచి ఉంది. చుట్టాలింకా రాలేదు. దోర్కాస్ లోపలికి పోకుండా గుమ్మం పట్టుకుని నిలబడింది.

హెన్రీ తిన్నగా వెళ్లి ఆ మధ్య కుర్చీలో కూర్చున్నాడు.

"అది పెళ్లికొడుక్కేసిన కుర్చీ బాబూ," అన్నాడు ఎడ్విన్.

హెన్రీ ఎప్పుడూ ఎడ్విన్‌గారూ అని పిలిచేవాడు.

"తెలుసు మావా," అన్నాడు, లేవకుండా.