ఆరువేల తొమ్మిదొందల గంటలు

పదకొండు నలభై!

ట్రామ్ స్టాపులో ఆగింది. ఆగి కదలట్లేదు!

"పదవే తల్లీ... పద!" చంద్రకాంత్ పళ్లు నూరుతున్నాడు.

జర్మనీలోని బ్రెమెన్‌లో ఆరో నంబర్ ట్రామ్. యూనివర్సిటీ పక్కనున్న అతని ఆఫీసు ఇంకా రెండు స్టాపులు. సరిగ్గా పన్నెండింటికి బిడ్ సబ్మిట్ అవుతుంది. ఆలోపు ఆపాలి... లేదంటే కొంప మునిగినట్టే!

వైశాలికి పదోసారి ఫోన్ కొట్టాడు. రింగ్... రింగ్... ఎత్తదు. బిడ్ రూమ్‌లోకి వెళ్లేముందు అందరూ ఫోన్లు డబ్బాలో పడేయాలి. మేడమ్‌గారు పెట్టిన రూలే!

"ఫార్కార్టె, బిట్టె!"

టికెట్ చెకింగ్! కొనడానికి టైమెక్కడిది?

తెరిచున్న తలుపులోంచి దూకాడు. వెనక నుంచి ఓ చెయ్యి జాకెట్ పట్టుకుంది. గుంజాడు... జాకెట్ వాళ్ల చేతిలోనే వదిలేశాడు!

పరుగు!

డిసెంబర్ చలి. ఒంటి మీద ఉత్త షర్టు. అయినా లోపల భగభగ.

అంతా ఆ వైశాలి వల్లే!

ఆమెకన్నా ఐదేళ్ల ముందొచ్చాడు తను. ఆమె దిగిన రోజు స్టేషన్‌కెళ్లి సూట్‌కేసులు మోసిందెవరు? తను! ఆన్మెల్డుంగ్‌కి... అదే, అడ్రస్ రిజిస్ట్రేషన్‌కి... అపాయింట్‌మెంట్ ఇప్పించిందెవరు? తను! ఎలక్ట్రోలైజర్... అదే, కరెంటుతో నీళ్లలోంచి హైడ్రోజన్ తీసే మెషిన్... దాని లెక్కలు ఓనమాల దగ్గర్నుంచి నేర్పిందెవరు?

చివరికి గ్రీన్ హైడ్రోజన్ ప్రాజెక్టుకి లీడ్ ఎవరయ్యా అంటే... ఆవిడగారు!

ఆ రోజు చప్పట్లు కొట్టాడు. కేక్ తిన్నాడు. ఇంటికొచ్చి తెల్లార్లూ కళ్లు మూయలేదు. ఏడుపు... పచ్చి ఏడుపు!

మొన్న ఆమె ఫైలు తెరిచాడు. ఒక్క గడి మార్చాడు.

ఏడాదికి మెషిన్ తిరిగే గంటలు. నాలుగువేల వందని ఆరువేల తొమ్మిదొందలు చేశాడు.

అంతే! మెషిన్ ఎన్ని గంటలు తిరిగితే అంత సరుకు. ఎంత సరుకొస్తే కిలో ఖర్చు అంత తక్కువ. ఏడు యూరోల నలభై సెంట్లున్న కిలో, కాగితం మీద ఐదు ఇరవైకి దిగిపోయింది. సబ్సిడీ వేలంలో తక్కువ రేటు చెప్పినోడిదే గెలుపు.

కానీ గాలి వీస్తేనే కదా గ్రీన్ కరెంటు? అన్ని గంటల గాలి ఎవడబ్బ సొమ్మని వీస్తుంది! గెలిచాక కిలోకి రెండు యూరోల పైనే నష్టం. పదేళ్లు. మావల్ల కాదంటే కంపెనీ కట్టిన గ్యారంటీ డబ్బు జప్తు.

సంతకం వైశాలిది. పోయేది వైశాలి పరువు. తను ఒంట్లో బాలేదని సిక్ లీవ్ పెట్టేసి, ఇంట్లో టీ తాగుతూ తమాషా చూద్దామనుకున్నాడు.

పదకొండింటికి మెసేజ్ వచ్చింది.

"అన్నా, నేను మానేస్తున్నా. లీడ్‌గా మీ పేరు పెట్టించా. బిడ్ మీ పేరు మీదే వెళ్తోంది, బాధ్యతంతా ఇక మీదే. అప్పుడే ఎవరికీ చెప్పకండి. కంగ్రాట్స్!"

గుండె గంతేసింది. లీడ్! తను!

ఒక్క క్షణమే...

ఆ గడి గుర్తొచ్చింది. తను తీసిన గోతిలో... తనే!

పదకొండు యాభై ఆరు!

గాజు తలుపు. మెట్లు. మూడో ఫ్లోర్. ఊపిరి అందట్లేదు. బిడ్ రూమ్ తలుపు భుజంతో గుద్దాడు.

"ఆపు! నొక్కకు వైశాలీ! ఆరువేల తొమ్మిదొందలు తప్పు! నాలుగువేల వంద!"

వైశాలి ల్యాప్‌టాప్ ముందుంది. పక్కన కంపెనీ లాయరమ్మ. కిటికీ దగ్గర ఎవరో బూడిదరంగు కోటు మనిషి.

"కూర్చోండన్నా," అంది వైశాలి. "మంచినీళ్లు తాగుతారా?"

"టైమ్ లేదు! మార్చు ముందు!"

"నిన్ననే మార్చాం. కిలో ఏడు యూరోల నలభైకే బిడ్ వేసేశాం... నిన్న సాయంత్రమే."

చంద్రకాంత్ అడగకుండా ఉండలేకపోయాడు.

"మరి... నా పేరు?"

"మీ పేరెక్కడా లేదు. నేనెక్కడికీ వెళ్లట్లేదు."

"వైశాలీ..."

"టీమ్‌లో మీకూ, హోల్గర్‌కీ, నవ్యశ్రీకీ ఒకటే లాగిన్ ఇవ్వడం నా బుద్ధితక్కువ. గంటలు మార్చిందెవరో తేలలేదు. అందుకే ముగ్గురికీ అదే మెసేజ్ పంపా." "మీరు మాత్రం కాకూడదని దేవుడికి దండం పెట్టుకున్నా అన్నా..."

కోటు మనిషి ముందుకొచ్చాడు. జేబులోంచి కార్డు తీశాడు.

క్రిమినల్ పోలీస్!

వైశాలి కళ్లు తుడుచుకుంది.

"ఆ మెసేజ్‌కి హోల్గర్ 'థాంక్స్' అని రాశాడు. నవ్యశ్రీ అందరికీ స్వీట్లు పెడతానంది. ఆ నంబర్ తప్పని మీ ముగ్గురిలో మార్చినవాళ్లకే తెలుసు. పరిగెత్తుకొచ్చింది... మీరొక్కరే!"