మైనపు మామగారు

"డాడీ సోమవారం ఇండియా వెళ్ళిపోతున్నారు. బాపట్లలో దిగగానే నాకు సంబంధం ఖాయం చేసేస్తారు. అడిగితే ఇవాళే అడగాలి, బెన్‌హర్!"

"ఈ మైనపు బొమ్మల మధ్యనా?"

"మరి ఆయన సిడ్నీ వచ్చిందగ్గర్నుంచీ మొహం చాటేశావుగా! మేం హాలిడేకని గోల్డ్ కోస్ట్ వస్తే నువ్వూ వెనకాలే వచ్చావ్, ఇంకెక్కడికి పారిపోతావ్?"

షీనా వానలో తడిసిన జడ విదిలించింది. చినుకులు మొహాన పడేసరికి బెన్‌హర్ చెప్పాలనుకున్నదంతా మరిచిపోయాడు. అతని తప్పేం లేదు, ఆ పిల్ల అలాంటిది.

"డాడీ లోపలే ఉన్నారు. అమ్మకి పోస్ట్‌కార్డులు కొనుక్కొచ్చి నేనే పరిచయం చేస్తా. ఈలోగా ప్రాక్టీస్ చేసుకో, ప్లీజ్!"

మ్యూజియం లోపల మైనపు రాణులూ, పాటగాళ్ళూ, క్రికెటర్లూ బిగుసుకుని నిలబడి ఉన్నారు. మసక వెలుతురున్న మూలలో, బెంచీ మీద నల్ల సూటు వేసుకున్న మీసాలాయన. మూసిన కళ్ళు, జోడించిన చేతులు, ఒళ్ళో స్టీలు టిఫిన్ డబ్బా.

'ఎవరో మన దేశపు నాయకుడు కాబోలు. డబ్బా కూడా పెట్టారే!' అని మురిసిపోతూ బెన్‌హర్ పక్కన కూర్చున్నాడు.

"వందనాలు అంకుల్. నేను బెన్‌హర్‌ని. రైల్వేలో ఇంజనీర్ని. మీ షీనా అంటే నాకు ప్రాణమండి."

బొమ్మ ఉలకలేదు. అతనికి ధైర్యం వచ్చింది.

"మీకు కోపం ఎక్కువటగా! ఈ బొమ్మ మీసాలకే కాళ్ళు వణుకుతుంటే, మీ ముందు నా గతేంటండీ?" గొంతు తగ్గింది. "మీరు కాదంటే షీనా రాదండి. నేనూ రమ్మనను. మిమ్మల్ని ఏడిపించి మేమేం సుఖపడతాం? అందుకే ఎలాగైనా మీరు ఒప్పుకోవాలి."

"ఆమేన్" అంది బొమ్మ.

బెన్‌హర్ బెంచీ మీంచి జారి కిందపడ్డాడు.

షీనా తండ్రి రాయప్పగారు తాపీగా కళ్ళు తెరిచారు. "భోజనం ముందు ప్రార్థనయ్యా. మధ్యలో కళ్ళు తెరిచే అలవాటు నాకు లేదు."

రాయప్పగారి ప్రార్థన అయ్యేలోపు కూరలు చల్లారిపోతాయని బాపట్లలో అందరికీ తెలుసు. పాపం, బెన్‌హర్‌కే తెలీదు.

షీనా పరిగెత్తుకొచ్చింది. "ఓ మై గాడ్! ఏం చేశావ్?"

"నువ్వాగమ్మా. ఏమయ్యా, నేను కాదంటే నిజంగా రమ్మనవా?"

"రమ్మననండి."

"ఔనంటే?"

బెన్‌హర్ గభాల్న లేచి షీనా చెయ్యి పట్టేసుకున్నాడు. "ఇప్పుడే తీసుకెళ్తానండి!"

రాయప్పగారు పగలబడి నవ్వారు. "ఇప్పుడే కాదు. బాపట్ల వచ్చి తీసుకెళ్ళు. మీ అత్తయ్య నిన్ను చూడాలిగా!"