మగ్గాల షెడ్డులో ఉప్పు తక్కువైంది

మోత్కూర్ దాటి కొంత దూరం పోతే, రోడ్డు మలుపులో మూతపడ్డ మగ్గాల షెడ్డు ఒకటుంది. పగలు దాని నీడన బర్రెలు పడుకుంటాయి. చీకటి పడిందంటే మాత్రం ఎంతటి మొనగాడైనా హారన్ కొట్టుకుంటూ పోవాల్సిందే.

ఎందుకంటే... అక్కడ దెయ్యం ఉందట. పళ్లికిలించి నవ్వుతుందట. రెండు చేతులూ పైకి లేపి నిలబడుతుందట. ఆ తర్వాత బొంగురు గొంతుతో, రోజూ అదే మాట—

"కూరల ఉప్పు తక్కువైంది."

మీరు నవ్వుతారు గానీ ఊళ్లో ఎవరూ నవ్వలేదు. ఏదో పెళ్లి బంతిలో సగం విస్తరి మీద ప్రాణం పోయినవాడని కొందరు తేల్చారు. మధ్యమధ్య గొర్రెలా కూడా అరుస్తుంది కాబట్టి అది మటన్ కూరే అయి ఉంటుందని ఇంకొందరు. ఎందుకైనా మంచిదని షెడ్డు గోడ మీద ఉప్పు ప్యాకెట్లు పెట్టడం మొదలైంది. తెల్లారేసరికి అవి మాయం. ఇంకేం సాక్ష్యం కావాలి?

ఆ రోజు నరహరి నూలుకు రంగులు కొనుక్కొని మోత్కూర్ నుంచి బండి మీద ఇంటికి బయలుదేరాడు. జేబులో భార్య స్వర్ణలత పెట్టిన ఉప్పు ప్యాకెట్ ఉంది. గుండెలో ధైర్యం మాత్రం లేదు. పైగా పొద్దుగూకేటప్పుడు హోటల్లో ఎడమ చేతిలోంచి చాయ్ గ్లాసు జారిపడింది. అప్పటినుంచి ఆ చెయ్యి తనది కానట్టే ఉంది. నేత పనివాడికి చెయ్యి పోతే మగ్గం ఆగుతుంది, మగ్గం ఆగితే ఇల్లు ఆగుతుంది. షెడ్డు రాకముందే దెయ్యం చెయ్యి పట్టేసుకుందని, ఉప్పు ఇస్తేనే వదులుతుందని అతను గట్టిగా నమ్మాడు.

సరిగ్గా మలుపులో ఎడమ చెయ్యి హ్యాండిల్ వదిలేసింది. బండి మెల్లగా, ఎంతో మర్యాదగా, పక్కకు ఒరిగి మట్టిలో పడుకుంది. దాని పక్కన నరహరి. ఎదురుగా షెడ్డు.

లోపల చిన్న వెలుగు... గడ్డం కింది నుంచి వెలుగుతున్న ఒక ముఖం... పళ్లన్నీ బయటికే. రెండు చేతులు లేచాయి.

"కూరల ఉప్పు..."

నరహరి కుడిచేత్తో ప్యాకెట్ ముందుకు చాచాడు. తీసుకో అనబోతే నోట్లోంచి ఏదో ముద్ద మాట వచ్చింది.

వెలుగు ఇటు తిరిగింది. ఒక నీడ కాదు— రెండు. గొంగళ్లు కప్పుకొని, వంగి, దగ్గరికొస్తున్నాయి. ఆడ నీడ అతని ముఖంలో ముఖం పెట్టి చూసింది.

"నవ్వు," అంది గుసగుసగా. "జర నవ్వు, కొడుకా."

దెయ్యం నవ్వమంటే కాదనడానికి ధైర్యముండాలి. నరహరి నవ్వాడు. నవ్వు ఒక పక్కకే పోయింది.

"చేతులు లేపు."

కుడిది లేచింది. ఎడమది లేచినట్టే లేచి వాలిపోయింది.

"కూరల ఉప్పు తక్కువైంది అను."

అన్నాననే అనుకున్నాడు. మాట నాలుక దాటలేదు.

"గిదే," అన్నాడు మగ నీడ. "నాకు సుత గిట్లనే అయింది."

అంటే తనూ పోయినట్టే. నరహరికి స్వర్ణలత గుర్తొచ్చి కళ్లల్లో నీళ్లు తిరిగాయి.

"ఎప్పటిసంది?" అడిగింది ఆడ నీడ.

"చాయ్... పొద్దు... గూకంగ..."

"ఇంక టైమున్నది." ఆమె కొంగులోంచి ఫోన్ తీసింది. "హలో... నూట ఎనిమిదా?"

దెయ్యం అంబులెన్స్‌ను పిలుస్తుందని నరహరికి ఎవరూ చెప్పలేదు.

వాళ్లు భద్రమ్మ, ఆమె పెనిమిటి పర్వతాలు. మర్రిగూడ దిక్కు నుంచి గొర్రెల మందను తోలుకొచ్చి, పగలంతా మేపి, రాత్రికి ఆ షెడ్డులో దిగుతున్నారు. నిరుడు పర్వతాలుకు పక్షవాతం వస్తే పెద్ద దవాఖాన ఎమర్జెన్సీలో బతికించారు. అక్కడ హారిక డాక్టరమ్మ ఒక పరిశోధన చేస్తోంది. ఇంటివాళ్లకు పక్షవాతం గుర్తులు నేర్పితే రోగులు వేళ దాటకముందే దవాఖానకు చేరతారా అన్నది అందులో ప్రశ్న. నవ్వించు, చేతులు లేపించు, ఒక మాట అనిపించు, తేడా కనిపిస్తే ఆగకు అని భద్రమ్మకు నేర్పి, మర్చిపోకుండా రోజూ చేసి చూడమంది. అందుకే రోజూ చీకటి పడ్డాక టార్చి వెలుగులో ఆ పరీక్ష. మాట మాత్రం పర్వతాలు ఇష్టం. డాక్టర్లు ఉప్పు తగ్గించమన్నప్పటినుంచి అతనికి లోకంలో ఇంకో మాట లేదు.

ఉప్పు ప్యాకెట్లా? గొర్రెలకు పెట్టింది. "గీ ఊరోళ్లు మస్తు మంచోళ్లు," అంది భద్రమ్మ.

వేళకే చేరారు. గడ్డకట్టిన నెత్తురును కరిగించే సూది పడింది. రోగిని తెచ్చినవాళ్ల వివరం రాసుకుంటూ హారిక అడిగింది: "ఈయన నీకేమైతడమ్మా?"

"ఏం కాడు. మమ్ముల దెయ్యాలనుకున్నడు."

హారిక 'బంధుత్వం' అన్న గడిలో 'దెయ్యం' అని రాసి, మళ్లీ కొట్టేసింది.

కొన్నాళ్లకు ఆమె నరహరికి వీడియో కాల్ చేసింది. నవ్వాడు. నవ్వు రెండు పక్కలా నిలిచింది. చేతులు లేపాడు, రెండూ లేచాయి. పక్కన నిలబడి స్వర్ణలత చూస్తోంది.

"ఏదన్న ఒక మాట చెప్పు, అన్నా."

నరహరి అప్పుడే అన్నం తిన్న పళ్లెం వైపు చూశాడు. స్వర్ణలత వైపు చూశాడు. ఒక్క అక్షరం కూడా తడబడకుండా అన్నాడు—

"కూరల ఉప్పు తక్కువైంది."

వండిన మనిషి ఆ మాట విని సంతోషంతో ఏడవడం ఆ ఇంట్లో అదే మొదటిసారి.