గంటగంటకీ గుమ్మం తొక్కే మనిషి

పొద్దున్నే పాలు పొయ్యి మీద పెట్టి, పెద్దకోడలు కంప్యూటర్ ముందు కూర్చుని అక్షరాలు పెద్దవి చేసుకుంది. ఆమె దర్జీ. కుట్టుపని మెలకువలు రాసుకునే వెబ్‌సైట్ ఒకటుంది ఆమెకి. అందులో కొత్త ముక్క పడి నెలలు గడిచాయి. వచ్చిపోయినవాళ్ళ లెక్క చూస్తే, ఈగ కూడా వాలని ఆ కొట్టుకి ఎవరో గంటగంటకీ వచ్చి తొంగిచూసి పోతున్నారు. తీగ లాగితే డొంక తమ ఇంట్లోనే కదిలింది. వచ్చేది ఈ ఇంటి కనెక్షన్ నుంచే!

ఇంట్లో ఈ విద్యలు తెలిసింది కంప్యూటర్ ఆఫీసులో పనిచేసే తోడికోడలికే. 'నా గుట్టు పసిగట్టిందా?' అని పెద్దకోడలి గుండె గతుక్కుమంది. చూపు మసకేసి సూదిలో దారం ఎక్కడం లేదామెకి. నలుగురికీ తెలిస్తే ఇక బట్ట ఇచ్చేదెవరు?

చిన్నకోడలు జడ అల్లుకుంటూ వచ్చింది.

"ఏమ్మా, పాలగిన్నె చుట్టూ పిల్లిలా నా సైటు చుట్టూ తిరుగుతున్నావేం?"

"నేనా? ఎప్పుడక్కా?"

"అబద్ధమాడినా అతికినట్టుండాలి. ఇదిగో, కనబడుతోందిగా!"

"పొద్దున్నే ఏం గొడవర్రా?" ముందుగదిలోంచి అత్తగారు కేకేసింది. "అవతల పాలు పొంగుతున్నట్టున్నాయి!"

చిన్నకోడలు పొయ్యి కట్టేసి వచ్చి, తెర చూసి ఫక్కున నవ్వింది. "ఓస్, ఇదా! వచ్చేది నా ప్రోగ్రాం అక్కా. మీ మరిది పిట్టల మీద రాస్తారు, ఆడపడుచు మొక్కల మీద. అత్తయ్య ఫోన్లో అన్నీ ఒకేచోట చదువుకోవాలని కట్టాను. గంటకోసారి అందరి గుమ్మాలూ తొక్కి, కొత్తదుంటే పట్టుకొస్తుంది."

"కొత్తగా ఏమీ లేని నా గుమ్మానికి దేనికి?"

చిన్నకోడలు పేజీ తెరిచింది. ఒకే అచ్చులో పోసినట్టు గళ్ళు. పేరు, తేదీ, రాత. అన్నిటికన్నా పైగడిలో పెద్దకోడలి పేరుంది. దాని కింద ఖాళీ.

"రాయనివాళ్ళు కిందికి జారిపోతారు. మీ గడి మాత్రం పైనే కట్టేయమంది అత్తయ్య. రోజూ ముందు అదే చూస్తుంది. 'ఇంకా ఏం రాయలేదే, పెద్దదానికి ఒంట్లో బాగుందా' అని నా ప్రాణం తీస్తుంది."

పెద్దకోడలు తెరకి దగ్గరగా జరిగింది. నిఘా అనుకుని తను బెదిరింది ఈ ఎదురుచూపుకా! కళ్ళనిండా నీళ్ళు తిరిగి ఆ ఖాళీగడి కూడా అలుక్కుపోయింది.

"నేను చెబుతా, నువ్వు కొట్టమ్మా. సూదిలో దారం ఎక్కించడం నావల్ల కావడం లేదు. అలా మొదలుపెట్టు."

చిన్నకోడలు కుర్చీ దగ్గరికి లాక్కుంది. చెప్పింది చెప్పినట్టే కొట్టింది.

గంట తిరక్కుండానే ముందుగదిలోంచి కేక వినిపించింది.

"ఒసే పెద్దదానా! ఆ సూదులడబ్బా ఇలా పట్రా. నా కళ్ళు ఇంకా లక్షణంగా ఉన్నాయి!"