నాన్నమ్మ చాపిన చేయి

"నా చేతి వంట తిని పెరుగుతున్న పిల్లకి కొలెస్ట్రాలేమిటి డాక్టరమ్మా! ఇంకెవరి రక్తమో చూసి చెబుతున్నట్టున్నారు... మళ్ళీ చూడండి!"

అత్తగారి గొంతు ఆ చిన్న గదిలో ఖంగుమంది. ఏళ్ళ తరబడి బడిలో లెక్కలు చెప్పిన గొంతు అది. వీధి వీధంతా ఆవిడని టీచరమ్మ అనే పిలుస్తుంది. పక్క కుర్చీలో కోడలు కూర్చుంది. కూతురి చేతిని తన రెండు చేతుల్లోనూ బిగించి పట్టుకుంది. పొద్దస్తమానం గలగలా వాగుతుందని ఇంట్లో పిచ్చుక అని పిలుచుకునే ఆ పద్నాలుగేళ్ళ పిల్ల ఈ రోజు కిక్కురుమనకుండా కూర్చుంది. మడమల వెనక పసుపు రంగు బుడిపెలు లేచి, బూట్లు ఒరుసుకుంటున్నాయని చూపించడానికి వస్తే, రక్తపరీక్షలో బయటపడింది ఇదా!

"ఇంట్లో వంట ఎవరు చేస్తారు?" అని అడిగింది డాక్టరమ్మ.

ఆ ప్రశ్న వింటే చాలు, కోడలికి ఆరేళ్ళ కిందటి రోజులు కళ్ళ ముందు మెదులుతాయి. భర్త లిఫ్టులు బాగుచేసే మెకానిక్కు. నలభై నిండకుండానే, భుజాన పనిముట్ల సంచితో మెట్లెక్కుతూ కుప్పకూలిపోయాడు. గుండె నాళాల్లో కొవ్వు పేరుకుపోయిందన్నారు. కన్నీళ్ళయినా ఆరకముందే, చుట్టాలందరి ముందూ అత్తగారు అన్న మాట ఇంకా చెవుల్లో గింగురుమంటూనే ఉంది... "నీ వేపుళ్ళే నా కొడుకుని మింగేశాయి! ఇక నువ్వు పొయ్యి ముట్టుకోవద్దు!"

ఆ రోజు నుంచి ఆమె వంటగది గడప తొక్కలేదు. కర్టెన్లు కుట్టే దుకాణంలో పొద్దంతా మిషను తొక్కడం, ఇంటికొచ్చి పెట్టింది తినడం. ఎవరైనా అడిగితే, "మా అత్తయ్యకి వంటంటే ప్రాణం" అని నవ్వేసేది. కానీ లోపల ఒక పురుగు ఆమెని తొలుస్తూనే ఉండేది. నిజంగా నేనే ఆయన్ని చంపుకున్నానా?... అడిగి వేపించుకుని, లొట్టలేస్తూ తిన్న మనిషికి నేనే విషం పెట్టానా?...

"నేనే చేస్తాను" అంది అత్తగారు తల ఎగరేసి. "నూనె వాసన కూడా తగలనివ్వను!"

"అయితే ఇది వంట వల్ల వచ్చింది కాదండీ. పుట్టుకతో వచ్చింది. ఒంట్లో చేరిన కొవ్వుని రక్తంలోంచి తీసేసే శక్తి కొందరికి పుట్టుకతోనే తక్కువగా ఉంటుంది. అమ్మ నుంచో నాన్న నుంచో వస్తుంది. నాన్న నలభై నిండకుండానే గుండెతో పోయారని మీరే రాయించారు కదా, ఆయనకీ ఇదే ఉండుంటుంది. తిండి జాగ్రత్త మంచిదే, కానీ దానితోనే తగ్గే రకం కాదిది." డాక్టరమ్మ చూపు అత్తగారి కళ్ళ దగ్గర ఆగింది. "మీ కళ్ళ మూలల్లో ఆ పసుపు మచ్చలు ఎప్పటి నుంచి ఉన్నాయి?... మీరిద్దరూ కూడా ఒకసారి రక్తం ఇచ్చి వెళ్ళండి."

మర్నాడు రిపోర్టులు వచ్చాయి. కోడలి రక్తంలో ఏ దోషమూ లేదు. అత్తగారిదీ, మనవరాలిదీ ఒక్కలాగే ఉంది!

ఆ సాయంత్రం అత్తగారు బాల్కనీలో గోడకి ఆనుకుని, చీర చెంగు నోటికి అడ్డం పెట్టుకుని కూర్చుండిపోయింది. తనలో తను అనుకుంటున్నట్టు అంది. "మా తమ్ముడు... పెళ్ళయినా కాలేదు వాడికి... ఆడుకుంటూ ఆడుకుంటూ పడిపోయాడు. దిష్టి తగిలిందనుకున్నాం. మా ఇంటి నుంచే వచ్చింది ఇది... నా నుంచి నా కొడుక్కి, వాడి నుంచి ఈ పిచ్చిదానికి..."

ఈ రోజు కోసమే కోడలు ఎన్ని మాటలు దాచుకుంది! ఎన్నిసార్లు మిషను చప్పుడులో వాటిని నెమరువేసుకుంది! తీరా ఆవిడని అలా చూసేసరికి లోపలికెళ్ళి గ్లాసుతో మంచినీళ్ళు తెచ్చి చేతికిచ్చింది. ఆవిడ తాగింది. క్షమించమని ఆవిడా అనలేదు, పరవాలేదని ఈమే అనలేదు.

నాన్నమ్మకీ మనవరాలికీ మందుబిళ్ళలు మొదలయ్యాయి. పిచ్చుకకి కొంత తగ్గింది గానీ తగ్గాల్సినంత తగ్గలేదు. నాన్నమ్మకైతే ఆ కాస్తా తగ్గలేదు. అప్పుడు చెప్పింది డాక్టరమ్మ, పెద్దాసుపత్రిలో ఇలాంటి వాళ్ళ కోసమే ఒక కొత్త ఇంజెక్షన్‌ని పరీక్షిస్తున్నారని. ఇప్పటికి పెద్దవాళ్ళనే తీసుకుంటున్నారు. పనిచేస్తుందని తేలితే ఆ తర్వాత పిల్లల సంగతి చూస్తారు.

"నేను చేరతాను!" అంది అత్తగారు ఇంటికొచ్చీ రాగానే.

"వద్దత్తయ్యా! ప్రయోగాలు ఏ ఎలుకల మీదో చేసుకోమనండి!"

"ఎలుకల మీద ఎప్పుడో అయ్యాయటమ్మా. ఇప్పుడు టీచర్ల వంతు."

"నవ్వులాటా ఇది? మీకేమైనా అయితే?"

"అయితే అవుతుంది. నేను చేసినదానికి ఆ మాత్రం..."

అంతే! ఇన్నాళ్ళూ కట్టలు కట్టి ఆపుకున్న దుఃఖం ఒక్కసారిగా పొంగింది. "అదిగో! శిక్ష వేసుకోవడానికి వెళతారన్నమాట! మీరు సూదులు పొడిపించుకుంటే నేను పడ్డది పోతుందా అత్తయ్యా? కట్టుకున్నవాణ్ణి చంపుకున్నానని ఆరేళ్ళు కుమిలి కుమిలి ఏడ్చాను! నా ముఖం నేనే అద్దంలో చూసుకోలేకపోయాను! మీ నుంచి నాకు సూదులొద్దు, త్యాగాలొద్దు... ఒక్క మాట... ఒక్క మాట అనడానికి నోరు రాలేదా మీకు?"

ఎప్పుడూ తడుముకోని అత్తగారి గొంతు ఆ రోజు తడబడింది.

"తప్పు నాదేనమ్మా... వాడు పోయాక, ఎవరో ఒకరి మీద కోపం లేకపోతే నేను బతకలేననిపించింది. ఎదురుగా నువ్వు దొరికావు. ఎంతన్నా పడి ఊరుకున్నావు. ఊరుకున్నావు కాబట్టి ఇంకా అన్నాను... ఆ రిపోర్టు వచ్చినప్పటి నుంచీ నీ ముఖం చూసి చెబుదామనుకుంటూనే ఉన్నాను. ముఖం చెల్లలేదు తల్లీ!"

కోడలు కొంగులో ముఖం దాచుకుని వెక్కివెక్కి ఏడ్చింది. ఆ ముసలి చేయి వచ్చి తల మీద వాలింది. తీసెయ్యాలనిపించలేదు... అలాగని అంతా మరిచిపోయిందా అంటే, అదీ లేదు. కాస్త తేలికపడింది, అంతే.

"సూది మాత్రం శిక్ష కోసం కాదే" అంది అత్తగారు మెల్లగా. "నమ్మకపోతే నాతో రా. అన్నీ నువ్వే అడుగు. నీకు నచ్చకపోతే తిరిగొచ్చేద్దాం."

వెళ్ళారు. అక్కడి కుర్ర డాక్టరు ఓపిగ్గా చెప్పుకొచ్చాడు. వేసుకునే బిళ్ళలు ఎప్పటిలాగే వేసుకోవాలి. వాటితోపాటు కొందరికి అసలు మందు వేస్తారు, కొందరికి మందు లేని ఉప్పునీళ్ళు. ఎవరికి ఏది పడిందో రోగికీ తెలియదు, వేసే నర్సుకీ తెలియదు. తేడా నిజంగా మందు వల్లేనా అని తేలాలంటే అదే దారి. ఇష్టం లేకపోతే ఎప్పుడైనా మానేయొచ్చు, కారణం కూడా చెప్పక్కర్లేదు.

కోడలు ఊరుకుందా! జ్వరం వస్తే ఎవరికి ఫోన్ చెయ్యాలి? ఆ వేళ కాని వేళలో ఎత్తుతారా? ఒళ్ళంతా దద్దుర్లొస్తే? బిడ్డని బడిలో వేసే తల్లిలా గుచ్చిగుచ్చి అడిగింది. అన్నింటికీ జవాబు చెప్పి, డాక్టరు అత్తగారి వైపు తిరిగాడు. "ఎవరైనా బలవంతం చేశారా అమ్మా? మీరెందుకు చేరాలనుకుంటున్నారు? మీకు పడేది ఉత్త నీళ్ళే కావచ్చు, తెలుసుగా?"

"తెలుసు బాబూ. నీళ్ళే పడనీ. రేపు నా మనవరాలికి మంచి మందు దొరకాలంటే ఎవరో ఒకరు ఆ నీళ్ళు కూడా పొడిపించుకోవాలి కదా! దాని ఒంట్లోకి ఈ జబ్బు పంపింది నేను. మందు కూడా నా వైపు నుంచే వెళ్ళిందనిపిస్తే... అది శిక్ష కాదు నాయనా, నా ఆశ."

కోడలు తల తిప్పుకుని కిటికీలోంచి చూసింది. కళ్ళు తుడుచుకుని, "చేరండి అత్తయ్యా. ప్రతిసారీ నేనే తీసుకొస్తాను" అంది.

సూది పడింది. కాసేపు కదలకుండా కూర్చోవాలన్నారు. "భుజం సలుపుతోందే... మందే పడినట్టుంది!" అంది అత్తగారు సంబరంగా.

"నీళ్ళు పొడిచినా సూది సూదే అత్తయ్యా!"

ఇద్దరూ నవ్వేశారు. ఆ నవ్వు విని నర్సు ఆగింది. "మీ అమ్మాయా అండీ?"

"కాదమ్మా, కోడలు" అంది టీచరమ్మ. "కూతురైతే నా నోటికి ఎప్పుడో అలిగి వెళ్ళిపోయేది. ఇది నిలిచింది."

కోడలు కుర్చీ ఇంకాస్త దగ్గరికి జరుపుకుని, సలుపుతున్న ఆ భుజం తన మీద ఆనేలా సర్దుకుని కూర్చుంది.