ఓటమి చూపే దీపాలు

ఉసిరికాయ పచ్చడి జాడీని ఖాళీ చేసి, మూత బిగించి, మళ్ళీ అలమరలో పెట్టిందెవరో ఆ ఉదయం తేలలేదు. అన్నయ్య భార్గవ పనే అన్నాడు కేదార్. అడుగున రెండు కాయలుండగా తాను కళ్ళారా చూశానన్నాడు భార్గవ. కేదార్ భార్య చరిత తానా జాడీ జోలికే వెళ్ళలేదనీ, తనకి ఉసిరి పడదనీ, ఎవరికేది పడదో ఈ ఇంట్లో ఎవరికీ గుర్తుండదనీ అంది. ఇడ్లీలు చల్లారిపోతున్నాయి. భార్గవ భార్య వకుళ జాడీని తీసుకెళ్ళి తొట్టిలో పెట్టి నీళ్ళు వదిలింది.

ఇదివరకైతే ఇలాంటి తగువుకి ఆయుష్షు పావుగంట. హాలు మూలనున్న పిన్‌బాల్ యంత్రం దగ్గరికి వెళ్ళి తలో ఆటా ఆడేవాళ్ళు. ఓడినవాళ్ళదే తప్పు. విశాఖ రేవు దగ్గర ఓడ సిబ్బంది క్లబ్బు ఒకటి మూతపడినప్పుడు వకుళ అత్తగారు వేలంలో కొన్న యంత్రం అది. ఏటవాలు బల్ల, ఇనుప బంతి, దాన్ని పైకి కొట్టే రెండు రెక్కలు, తగిలితే మోగే గంటలు, ఎదురుగా నిలువు పలక మీద నారింజరంగులో వెలిగే అంకెలు. రెండు మాటలు దాటిన ఏ తగువైనా యంత్రం దగ్గరికే పోవాలనీ, ఆట అయ్యాక ఇక దాని ఊసెత్తకూడదనీ ఆవిడ శాసనం. ఆవిడ పోయినా ఆ శాసనం పోలేదు.

కిందటి వానాకాలం ఆ అంకెలు ఆరిపోవడం మొదలైంది. ముందు ఎనిమిది మూడులా కనిపించింది. తర్వాత ఒక గడి, ఆ పక్క గడి. చివరికి పలకంతా నల్లబడింది. అప్పట్నుంచి ఇంట్లో ఏ తగువూ చావడం లేదు. మేడమీద కిటికీ తగువు, నీళ్ళ మోటారు తగువు, ఇప్పుడీ జాడీ తగువు, అన్నీ తలుపు వెనక పాత గొడుగుల్లా నిలబడి ఉన్నాయి. వాటన్నిటికన్నా పెద్దది పొయ్యి తగువు. మేడమీద తమకి వేరే వంటిల్లు కావాలని చరిత అడిగింది, కేదార్ వంత పాడాడు. తాను బతికుండగా ఇంట్లో రెండు పొయ్యిలు వెలగవని భార్గవ అన్నాడు. దీపాలు బాగుపడ్డాక ఆటలోనే తేల్చుకుందామని అన్నదమ్ములు ఒప్పుకున్నారు.

వకుళకి ఏం కావాలో ఎవరూ అడగలేదు. రోజూ పొద్దున చరిత ఎదురుగా కూర్చుని కూరలు తరుగుతూ వీధి కబుర్లన్నీ చెబుతుంది. వంకాయల్ని ఎప్పుడూ పెద్ద ముక్కలే తరుగుతుంది. వకుళ రోజూ విసుక్కుంటుంది, రోజూ నవ్వుతుంది. రోజు మొత్తం మీద ఆమె నవ్వేది ఆ కాసేపే. వేరే పొయ్యి అంటే అది ఉండదు.

కొత్త అంకెల పలకలు ఎంచే పని ఓపిక ఉందన్న పేరుమీద ఆమెకే పడింది. పూర్ణా మార్కెట్ వెనక పాత సామాన్ల కొట్టు నడిపే గవర్రాజు నాలుగు ఎల్ఈడీ నమూనాలు పంపాడు. ఎరుపు, నీలం, తెలుపు, నారింజ. వకుళ వాటిని బల్ల మీద పరిచి అంకెల ఎత్తు కొలిచింది. పాతవాటికి ఆరు గడులుంటే వీటిలో రెండింటికి ఏడున్నాయి. ఒకటి అద్దంలో ఇమడదు. తెలుపు కళ్ళలో పొడుస్తుంది. నీలం ఆస్పత్రి వరండాలా ఉంది. నారింజ బాగానే ఉంది కానీ పాతదాని మెత్తదనం లేదు. పాతవి గాజుగొట్టంలో వాయువు వెలిగే దీపాలు. నిప్పుకణికల్లా, అంచులు కాస్త కరిగినట్టుండేవి.

ఆమె నాలుగింటినీ తిన్నగా చూడగలగడానికి కారణం రెప్ప మీద లేచిన కురుపు. తగ్గేదాకా కనుగుడ్డుకి అంటించే పల్చటి కంటిపొరలు పెట్టుకోవద్దని డాక్టరమ్మ చెప్పింది. మిగతా ముగ్గురూ, ఊళ్ళో అందరూ, నిద్రలేవగానే కంటిపొరలు తొడుక్కునేవాళ్ళే. వీధుల్లో వెలుగుతెరలు పెరిగి పెరిగి మనుషుల కళ్ళు మండిపోతున్న రోజుల్లో వచ్చాయవి. కంటికి తగిలే దీపకాంతిని చూసేవాడికి నచ్చేలా మార్చి చూపిస్తాయి. మొదట వెలుగు తగ్గించేవి, తర్వాత రంగులు మార్చాయి, ఆ తర్వాత అంకెలనీ మనసుకి నచ్చేలా మార్చే 'మనోహిత సవరణ' వచ్చింది. డబ్బు, మందు మోతాదు, బస్సు నంబరు ముట్టుకోకూడదని చట్టం. ఆటలకి మాత్రం మినహాయింపు. ఓడినందుకు ఎవరూ బాధపడనక్కర్లేదని ఆనాడు అందరూ మెచ్చుకున్నారు, ఒప్పుకున్నారు, మరిచిపోయారు.

నాలుగు పలకలూ వెలిగించి ముగ్గురినీ పిలిస్తే, ముగ్గురూ నాలుగింటినీ అచ్చం పాతవాటిలా ఉన్నాయన్నారు.

"ఇది నీలం," అంది వకుళ.

"నీ కురుపు ముందు తగ్గనీ," అన్నాడు భార్గవ.

ఆమెకి ఒళ్ళు మండింది. గవర్రాజుకి ఫోన్ చేసి ఇంట్లో అందరికీ ఒకేలా కనిపించేది ఏదో చెప్పమంది.

"ఏటమ్మా, ఇంకా రంగు కాడే ఉన్నారా? ఏది పెట్టినా ఎవులికి నచ్చింది ఆళ్ళకి అవుపిస్తాది. రంగు బాగులేదని సరుకు తిరిగొచ్చి ఎన్నేళ్ళయిందో."

"మరి నాలుగు రంగులెందుకు చేస్తున్నారు?"

"రంగు పేరు రాయకపోతే కొనరమ్మా."

పాత గొట్టాలు దొరకవా అంటే, వాటిని చేసేవాళ్ళే లేరన్నాడు. ఆ వాయువు వెలుగుని కంటిపొరలు దీపం కింద లెక్కెయ్యవని కూడా మాటల్లో చెప్పాడు. అంతకన్నా పాత యంత్రాలకి దీపాలే ఉండవనీ, అంకెలు అచ్చువేసిన చక్రాలు టకటకా తిరుగుతాయనీ, ఒక జత తన అటకమీద ఉందనీ, అవి ఎవరిక్కావాలనీ నవ్వాడు. అటకమీది దుమ్ము తనకెందుకనుకుని వకుళ ఫోన్ పెట్టేసింది. విసుగెత్తి, ఉన్నవాటిలో నయమని నారింజనే బిగింపించింది.

ఆదివారం పొద్దున టిఫిన్లయ్యాక అన్నదమ్ములు పొయ్యి ఆట ఆడారు. ముందు భార్గవ, తర్వాత కేదార్. ఎడమ పలక అన్నయ్యది, కుడి పలక తమ్ముడిది. చరిత సోఫా అంచున కూర్చుంది. వకుళ వంటింటి గుమ్మంలో గరిటెతో నిలబడింది. కేదార్ చివరి బంతి రెక్కల మధ్యనుంచి జారిపోయింది. గంటలు ఆగాయి. వకుళ రెండు పలకలూ చూసింది, మళ్ళీ చూసింది. కుడిపక్క అంకె పెద్దది.

"అమ్మయ్య," అన్నాడు భార్గవ తమ్ముడి భుజం తట్టి. కేదార్ కూడా నవ్వుతూ అన్నయ్య చెయ్యి పట్టుకుని ఊపాడు. వాళ్ళమ్మ శాసనం ప్రకారం ఎవరూ ఇంకో మాట అనలేదు. భార్గవ వరండాలోకి వెళ్ళి మాట్లాడి ఉంచిన పొయ్యి బిగించే మనిషికి ఇక రానక్కర్లేదని ఫోన్ చేశాడు. పైన చరిత గదిలో మంచం జరుపుతున్న చప్పుడు వినిపించింది, పొయ్యి గట్టుకి చోటు చేస్తోంది.

వకుళ కందిపప్పు కడుగుతూ ఆగిపోయింది. ఓడినప్పుడల్లా మొహం ముడుచుకుని వీధిలోకి పోయి, అరగంటకి మిరపకాయ బజ్జీలు పట్టుకుని తిరిగొచ్చేవాడు కేదార్. బయట ప్రపంచంలో ఏ ఆటలోనూ ఎవరూ ఓడని ఈ కాలంలో, ఈ ఇంట్లో మాత్రం ఓడేవాళ్ళు. అందుకే ఈ ఇంట్లో తగువులు ముగిసేవి. ఆ మంచి అంతా ఆ గాజుగొట్టాలదని ఇన్నేళ్ళూ ఎవరికీ తోచలేదు. ఆమె ఏరికోరి వాటి స్థానంలో కంటిపొరలు మార్చగల ఎల్ఈడీలు పెట్టించింది.

పప్పు ఉడుకుతుండగా ఇంకో ఆలోచన వచ్చింది. ఇప్పుడీ ఇంట్లో ఉన్నది ఉన్నట్టు చూసే కళ్ళు తనవే. భార్గవ గెలిచాడని ఒక్క మాటంటే చాలు. పొయ్యి ఒకటే ఉంటుంది, వంకాయ ముక్కలు పెద్దవిగానే ఉంటాయి. అబద్ధమని చెప్పగలవాళ్ళు ఎవరూ లేరు. ఆ మాటని ఆమె పప్పు మెదిపినంతసేపూ నోట్లోనే ఉంచుకుంది. పోపు పెట్టేటప్పటికి అది చేదెక్కింది. మనోహిత సవరణ చేసే పనీ ఇదే కదా అనిపించింది.

భోజనాల దగ్గర అందరూ హుషారుగానే ఉన్నారు. ఎవరి హుషారు దేనికో వాళ్ళకే తెలుసు. వకుళ అన్నం వడ్డించి, నిలబడే అడిగింది.

"కేదార్, పొద్దున నీ అంకె ఎంత?"

"అరవై రెండు వేల చిల్లర వదినా."

"అతనిది ఎంతండీ?" అంది భర్త వైపు తిరిగి.

"యాభై నాలుగు వేలు," అన్నాడు భార్గవ. అని, తమ్ముడి మొహం చూసి ఆగిపోయాడు. కేదార్ చేతిలో ముద్ద చేతిలోనే ఉండిపోయింది. చరిత, తనకి కనిపించింది ఆ రెండూ కాదని నెమ్మదిగా చెప్పింది.

"మరి నిజంగా ఎంత?" అన్నాడు భార్గవ. ముగ్గురూ ఆమె వాచిన కంటివైపే చూస్తున్నారు.

"గెలిచింది కేదారే," అంది వకుళ. "తేడా కొంచెమే, కానీ అతనే. ఆ పొయ్యి మనిషిని రేపు రమ్మనండి. ఇంకో మాట. ఆ ఎల్ఈడీలు వెనక్కి పంపేస్తున్నాను. గవర్రాజు దగ్గర అచ్చు అంకెల చక్రాలున్నాయట. సిరా అంకెలు దీపాలు కావు కాబట్టి కంటిపొరలు వాటి జోలికి పోవు. ఇక మీదట ఓడితే ఓడినట్టు కనపడుతుంది."

భార్గవ పప్పు కలపడం మానేశాడు. "నువ్వు నా పక్షం అనుకున్నాను," అన్నాడు.

"మీ పక్షమే. చరిత పైకి వెళ్ళిపోవడం నాకు బొత్తిగా ఇష్టం లేదు. ఈ ఆటలో మీతోపాటు నేనూ ఓడాను."

చరిత తలెత్తి, "అక్కా, నువ్వీ మాట ఎప్పుడూ చెప్పలేదు," అంది.

"ఎవరూ అడగలేదు. ఇప్పుడు అడిగినా లాభం లేదు, ఆట అయిపోయింది. రేపట్నుంచి మీ వంట మీదే. అత్తగారి శాసనం తెలుసుగా, ఇక దీని ఊసొద్దు," అని వకుళ అందరికీ ఉసిరికాయ పచ్చడి కొత్త జాడీ అందించి, చరిత కంచంలో మాత్రం మాగాయ ముక్క వేసింది.